దహనానికి ముందే బొగ్గు నుంచి పాదరసం తొలగింపు

థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల నుంచి వెలువడే పాదరసాన్ని బొగ్గు దశలోనే కొంతమేరకు తగ్గించవచ్చు. అది ఎంతమేరకన్నది బొగ్గు స్వభావంపై ఆధారపడి ఉంటుంది.

బొగ్గులో పాదరసం అతి స్వల్పం. అయినప్పటికీ టన్నుకు 0.1 గ్రాము చొప్పున లెక్కిస్తే, రోజుకు 8 వేల టన్నుల బొగ్గు వాడే కేంద్రానికి 800 గ్రాముల పాదరసం చేరినట్లే. బాయిలర్ వేడికి అది ఆవిరవుతుంది. బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లకు ఈ ఆవిరి పూర్తిగా చిక్కదు. జలాశయాలకు చేరిన పాదరసం మిథైల్ పాదరసంగా మారి, చేపల ద్వారా మనుషులకు సంక్రమిస్తుంది. గర్భస్థ శిశువుల మెదడు ఎదుగుదలకు ఇది హానికరం.

బొగ్గులోని పాదరసంలో గణనీయమైన భాగం ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఖనిజాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. పైరైట్ నీటికంటే సుమారు 5 రెట్లు బరువైనది. వాషరీలో తేలికైన బొగ్గు పైకి తేలగా, పైరైట్ రాళ్లతో పాటు అడుగుకు చేరుతుంది. ఈ విధంగా సగటున 21 శాతం పాదరసం తగ్గుతుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1997లో అంచనా వేసింది. కొన్ని నమూనాలలో ఏమాత్రం తగ్గకపోవడం కూడా గమనార్హం. భారతీయ బొగ్గులో ఖనిజ పదార్థం సన్నని రేణువులుగా కలిసిపోయి ఉండటం వల్ల కడగడం మరింత కష్టం.

వేడితో పాదరసాన్ని వెళ్లగొట్టడం మరో మార్గం. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో వేడి, ఒత్తిడితో బొగ్గును శుద్ధిచేసే కె-ఫ్యూయల్ కర్మాగారం 2005లో ఉత్పత్తి ప్రారంభించి 2008లో నిలిచిపోయింది.

కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబర్‌లో జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం పొగలో పాదరసం ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములు మించరాదు. 2003 చివరి నాటికి నెలకొల్పిన 500 మెగావాట్లలోపు యూనిట్లకు ఈ పరిమితి వర్తించదు. మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ధ్రువీకరించింది. కాగా, దూరప్రాంత కేంద్రాలకు 34 శాతం లోపు బూడిద గల బొగ్గునే వాడాలన్న నిబంధనను 2020 మే నెలలో తొలగించడంతో బొగ్గు కడగడానికి ఉన్న ప్రధాన ఒత్తిడి సడలింది.

కడిగిన బొగ్గుకు ఉష్ణ విలువ పెరుగుతుంది. కనుక పాదరసాన్ని టన్నులలో కాక, లభించే ఉష్ణ పరిమాణంతో పోల్చి చూడటమే సరైన పద్ధతి. తొలగిన పాదరసం వాషరీ వ్యర్థాలలోనే మిగులుతుంది. ఆ వ్యర్థాలను తక్కువ ధర ఇంధనంగా మరోచోట తగులబెడితే అది తిరిగి గాలిలోకే చేరుతుంది.