కారు హీటర్ చల్లబరచిన కంప్యూటర్

1977 నాటి పాంటియాక్ బోన్‌విల్ కారుకీ ఇంట్లో కంప్యూటర్‌కీ ఏమిటి సంబంధం? 2000 ప్రాంతంలో అమెరికాలో కంప్యూటర్లు సొంతంగా బిగించుకునే కుర్రాళ్ళని అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరచాలంటే ఆ కారు హీటర్ కోర్ కొనుక్కో, దాన్ని మించింది దొరకదు అని. చలికాలంలో కారులో కూర్చున్నవాళ్ళకి వెచ్చగా ఉండాలని డాష్‌బోర్డు వెనక పెట్టే భాగం అది. వేడి పుట్టించడానికి పెట్టిన వస్తువుతో చల్లదనం సంపాదించారని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అప్పటినుంచీ దాని బంధువుల కోసం వెతుకుతూనే ఉన్నాను.

నిజానికి ఇందులో వింతేమీ లేదు. ఇంజను దగ్గర కాగిన నీళ్ళు ఆ కోర్ గొట్టాల్లో తిరుగుతాయి. రేకుల సందుల్లోంచి వెళ్ళిన గాలి వెచ్చబడి కారులోకి వస్తుంది. నీటి వేడిని గాలికి అప్పగించడమే దాని పని. కారులో మనుషులకి కావలసింది ఆ గాలి, కంప్యూటర్‌కి కావలసింది ఆ నీళ్ళు.

మరి 1977 మోడలే ఎందుకు? ఆ కాలపు కోర్‌లు ఇత్తడి గొట్టాలు, రాగి రేకులతో చేసినవి. తర్వాతి కార్లలో కంపెనీలు అల్యూమినియానికి మారాయి. ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్ రాగిది. రాగీ అల్యూమినియం ఒకే నీళ్ళలో కలిస్తే అల్యూమినియం కొరుక్కుపోతుంది. పైగా బోన్‌విల్ పెద్ద కారు కనక దాని కోర్ మీద 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పట్టేవి. ఒకటి చాలనుకున్నవాళ్ళు షెవ్రొలే షెవెట్ కోర్ తెచ్చుకునేవారు. అమెరికాలో విడిభాగాల దుకాణానికి వెళితే ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడగందే ఏదీ చేతికివ్వరు. అందుకే కారు లేని కుర్రాళ్ళకి కూడా ఆ మూడు ముక్కలూ కంఠతా వచ్చేవి.

కంప్యూటర్‌కి నీళ్ళు పట్టించడం వాళ్ళు కనిపెట్టింది కాదు. 1951 నాటి యూనివాక్‌ని చల్లబరచిన గాలిని చల్లటి నీళ్ళే చల్లార్చాయి. ఐబీఎం 360 శ్రేణిలో 91వ మోడల్‌కి కూడా గాలికి తోడుగా నీళ్ళు పనిచేశాయి. 1964లో వచ్చిన సీడీసీ 6600లో ఫ్రియాన్ తిరిగింది. దాని రూపశిల్పి సీమూర్ క్రే. చల్లబరచే ఏర్పాటు చూసిన డీన్ రౌష్ అంతకుముందు అమానా ఫ్రిజ్‌ల కంపెనీలో పనిచేసినవాడు. 1985లో వచ్చిన క్రే-2లో సర్క్యూట్ బోర్డులే త్రీఎం కంపెనీ ఫ్లోరినెర్ట్ ద్రవంలో మునిగి ఉండేవి. అందులోంచి బుడగలు పైకి లేవడం చూసి దానికి ‘బబుల్స్’ అని ముద్దుపేరు పెట్టారు.

ఈ పెద్దల్లో నాకు బాగా ఇష్టమైనది ఐబీఎం 3081. 1980లో ప్రకటించారు. అందులో ఒక్కొక్క పింగాణీ పలక మీద వందకు పైగా చిప్‌లు. ప్రతి చిప్ వీపునీ స్ప్రింగు బిగించిన చిన్న అల్యూమినియం పిస్టన్ నొక్కిపట్టేది. సందుల్లో హీలియం నింపి, పైన నీళ్ళు తిరిగే పలక బిగించేవారు. అంత నగిషీ పనీ 1990ల నడుమ, తక్కువ వేడి పుట్టించే సీమాస్ చిప్‌లు రాగానే, మూలపడింది. పెద్ద యంత్రాలు నీళ్ళని వదిలేసిన కొన్నేళ్ళకే ఇళ్ళలో యంత్రాలు వాటిని అందుకున్నాయి.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. 300 మెగాహెర్ట్జ్ అని అమ్మిన ఆ చిప్‌ని బస్ వేగం 66 నుంచి 100కి మార్చి 450 దగ్గర నడిపారు. చవక చిప్ ఖరీదైన చిప్‌తో పోటీపడేసరికి దేశమంతా ఓవర్‌క్లాకింగ్ మోజు, అంటే చిప్‌ని చెప్పిన వేగానికి మించి నడిపే మోజు, పాకింది. వేగం పెంచితే వేడి, అందుకు ఓల్టేజి పెంచితే ఇంకా వేడి. 2001లో ఏఎండీ అథ్లాన్ 1.4 గిగాహెర్ట్జ్ చిప్ ఓవర్‌క్లాక్ చెయ్యకుండానే 72 వాట్లు లాగింది. నడుస్తున్న అథ్లాన్ మీంచి హీట్‌సింక్ తీసేస్తే ఏమవుతుందో ఆ ఏడే టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వీడియో తీసి చూపించింది. చూస్తుండగానే పొగ లేచింది.

అలాంటి రోజుల్లో గ్యారేజీలో తయారైన వాటర్ కూలింగ్ లూప్‌ని ఒకసారి విప్పి చూద్దాం. పంపు చేపల తొట్టిది, జర్మనీ ఐహైమ్ కంపెనీది. రేడియేటర్ కారు హీటర్. నీళ్ళలో కలిపింది రేసు కార్లలో వాడే రెడ్‌లైన్ వాటర్ వెటర్. కొన్నాళ్ళకి లయింగ్ డీ5 పంపు వచ్చింది, అది ఇళ్ళ పైపుల్లో వేడినీళ్ళు తిప్పడానికి పుట్టినది. కంప్యూటర్ కోసమే తయారైనదంటూ ఉంటే రాగి బ్లాక్ ఒక్కటే, అదీ చాలామంది సొంతంగా డ్రిల్లింగ్ యంత్రం మీద తొలుచుకున్నదే.

వస్తువులు ఎరువు తెచ్చుకున్నవే అయినా వాటితో నేర్చుకున్న విద్య సొంతం. ఫ్యాన్‌ని రేడియేటర్‌కి ఆనించి బిగిస్తే మధ్యలో మోటారు ఉన్నచోట గాలి తగలదని గమనించి, రెంటికీ నడుమ రేకుతో పెట్టె కట్టి ఎడం పెంచారు. పంపులో గాలి బుడగ చిక్కితే నీళ్ళు నడవవని, లూప్‌లో అన్నిటికన్నా ఎత్తున నీళ్ళు పోసే గొట్టం నిలబెట్టారు. నీళ్ళు ముందు రేడియేటర్‌కి వెళ్ళాలా, బ్లాక్‌కి వెళ్ళాలా అని తెగ వాదించుకున్నారు. ఆ తగువుని లెక్కే తీర్చింది. నిమిషానికి ఒక గాలన్, అంటే 3.8 లీటర్ల నీళ్ళు తిరిగితే, వాటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 265 వాట్లు కావాలి. కాబట్టి లూప్‌లో ఎక్కడ వేలు పెట్టినా నీళ్ళు ఇంచుమించు ఒకటే వేడి. వరస మారిస్తే ఒరిగేదేమీ లేదు.

ఆ తరం చేసిన పనుల్లో నాకు మరీ ముచ్చటైనది బాంగ్ కూలర్. నిలువెత్తు పీవీసీ గొట్టం పైన స్నానాలగది షవర్ బిగించి, కంప్యూటర్‌లో తిరిగొచ్చిన నీళ్ళని జల్లుగా కిందికి వదిలి, అడుగునుంచి ఫ్యాన్‌తో గాలి కొట్టేవారు. కొన్ని నీళ్ళు ఆవిరవుతూ మిగతావాటిని గది గాలికన్నా చల్లబరిచేవి. మన మట్టికుండ చేసే పని ఇదే. రేడియేటర్ ఎంత పెద్దదైనా, ఫీనిక్స్‌లో అయినా విజయవాడలో అయినా, గది వేడికి దిగువకి నీళ్ళని తీసుకుపోలేదు. ఆవిరి ఆ హద్దు దాటిస్తుంది. కాకపోతే రోజూ నీళ్ళు నింపాలి, గది చెమ్మగిల్లుతుంది.

ఈలోగా కాలిఫోర్నియాలో స్విఫ్ట్‌టెక్, ఆరెగాన్‌లో డేంజర్ డెన్, వాషింగ్టన్ రాష్ట్రంలో కూలెన్స్ లాంటి చిన్న కంపెనీలు తయారు వస్తువులు అమ్మసాగాయి. బ్లాకుల అడుగున సన్నటి రాగి రేకులు వచ్చాయి. సన్నటి కాలువల్లో నీళ్ళు పారిస్తే వేడి అమోఘంగా లాగుతాయని 1981లోనే స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ నిరూపించారు. చదరపు సెంటీమీటర్‌కి 790 వాట్లు లాగిన సిలికాన్ ముక్క వాళ్ళది. ఆ సూక్ష్మ కాలువల శాస్త్రాన్ని తర్వాత ముందుకు నడిపినవారిలో మద్రాసు ఐఐటీలో చదివి, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కూలింగ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్‌కి సారథ్యం వహించిన సురేష్ గరిమెళ్ళ ఒకరు.

2004లో ఆపిల్ తన పవర్ మాక్ జీ5లో వేగవంతమైన మోడల్‌కి ద్రవంతో చల్లబరచే ఏర్పాటు పెట్టింది. తయారుచేసింది డెల్ఫీ. ఒకప్పుడు జనరల్ మోటార్స్‌లో భాగం. న్యూయార్క్ రాష్ట్రం లాక్‌పోర్ట్‌లో 1910 నుంచీ రేడియేటర్లు చేస్తున్న హారిసన్ సంస్థ జనరల్ మోటార్స్ చేతికి వచ్చి, చివరికి డెల్ఫీలో కలిసింది. పాంటియాక్ కూడా జనరల్ మోటార్స్ బండే. గ్యారేజీ కుర్రాళ్ళూ ఆపిల్ ఇంజనీర్లూ ఎవరిదారిన వాళ్ళు వెళ్ళి ఒకే ఇంటి తలుపు తట్టారన్నమాట! ఏళ్ళు గడిచాక కొన్ని జీ5ల్లో ద్రవం కారి యంత్రాలు పాడయ్యాయి.

2009లో కోర్సెయిర్ హెచ్50 వచ్చింది. డెన్మార్క్ ఎసెటెక్ కంపెనీ చేసిన సీలు వేసిన లూప్. పెట్టె తెరిచి నాలుగు మరలు బిగిస్తే చాలు. లక్షల ఇళ్ళకి వాటర్ కూలింగ్ చేరింది ఇలాంటివాటివల్లే. కానీ నీళ్ళు పోసే మూత పోయింది. రబ్బరు గొట్టాల గోడల్లోంచి నీళ్ళు ఏళ్ళతరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి. రాగి బ్లాక్‌కి మళ్ళీ అల్యూమినియం రేడియేటర్ జతచేసి, తుప్పు పట్టకుండా మందు కలిపారు. ఆ మందు తగ్గిపోయినా మార్చే వీల్లేదు. విప్పి, కడిగి, నింపుకోగల హెచ్220ని స్విఫ్ట్‌టెక్ తెస్తే పేటెంట్ గొడవ భయంతో 2013లో అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

వస్తువుతో పాటు ఆలోచించే పద్ధతి కూడా పోయింది. వేడి తగ్గలేదంటే ఇవాళ ఇంకో ఫ్యాన్ కొంటున్నారు. హీటర్ కోర్ తరం ముందు రెండు తీసివేతలు చేసేది. నీటి వేడిలోంచి గది వేడి తీసివేస్తే వచ్చేది రేడియేటర్ సంగతి చెబుతుంది. అది ఎక్కువుంటే దుమ్ము దులపాలి, గాలి పెంచాలి, లేదా పెద్ద రేడియేటర్ పెట్టాలి. చిప్ వేడిలోంచి నీటి వేడి తీసివేస్తే వచ్చేది బ్లాక్ సంగతి. అది ఎక్కువుంటే థర్మల్ పేస్ట్ కొత్తగా రాయాలి, మరలు సమంగా బిగించాలి, రాగి రేకుల మధ్య పేరుకున్న మడ్డి కడగాలి, పంపు తిరుగుతోందో లేదో చూడాలి.

టెనెసీలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2022లో నడిపించిన ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్‌లోకి వెళ్ళే నీళ్ళు దాదాపు 32 డిగ్రీల గోరువెచ్చనివి. అన్నీ లెక్కగా కొలుచుకుంటే వేసవినాటి నీళ్ళైనా సరిపోతాయని దాన్నిబట్టి తెలుస్తోంది. ఇంటి కంప్యూటర్‌కి ఆ కొలత ఎందుకు దక్కకూడదు? నీటి వేడి చూపించే సెన్సర్, నీళ్ళు నింపే మూత. కొన్ని కంపెనీలు ఒకటో రెండో ఇస్తున్నాయి. అందరూ, ప్రతి మోడల్‌లో, రెండూ ఇవ్వాలి. కొనేవాళ్ళు వాటిని అడిగి మరీ కొనాలి.