వాస్తవ సంఖ్యలకు చాలినంత ఎంపిక

శూన్యం కాని సమితుల కుటుంబం ఎంత విస్తారమైనదైనా, ఏ నియమమూ నిర్దేశింపకుండానే ప్రతి సమితినుంచి ఒక్కొక్క మూలకాన్ని గ్రహించవచ్చునన్న ఎంపిక స్వీకృతాన్ని ఆధారం చేసుకొని, ప్రతి సమితినీ, దాని ప్రతి శూన్యం కాని ఉపసమితికీ మొదటి మూలకం ఉండేలా, సుక్రమంలో అమర్చవచ్చునని 1904లో జెర్మెలో నిరూపించినప్పుడు, ఫ్రెంచి గణితజ్ఞులలో తీవ్రమైన అసమ్మతి పుట్టింది. 1905 నాటి లేఖలలో హాడమార్డ్ ఒక్కడే జెర్మెలో పక్షం వహించగా, నిర్వచింపలేని వస్తువును ఉన్నదనడం ఎలా చెల్లుతుందని బేర్, బొరెల్, లెబేగ్ ప్రశ్నించారు. అదే ఏట విటాలి ఈ స్వీకృతంతోనే, పొడవు నిర్ణయింపనలవికాని వాస్తవ సంఖ్యల సమితిని చూపడం వారి శంకకు బలమిచ్చింది.

శంక సహేతుకమే, కాని విమర్శకుల సొంత సిద్ధాంతాలకు సైతం ఆ స్వీకృతపు అల్పరూపమే పునాది అని 1918లో షేర్పిన్‌స్కీ విపులంగా చూపాడు. ఒక బిందువు వద్ద అనుక్రమాల ద్వారా చెప్పే అవిచ్ఛిన్నతా, సామీప్యాల ద్వారా చెప్పే అవిచ్ఛిన్నతా ఒకటేనని నేటికీ డిగ్రీ తరగతులలో బోధించే నిరూపణలో, వాస్తవ సంఖ్యల సమితులు ఒకటి, రెండు, మూడు అని లెక్కింపదగిన (గణ్య) వరుసలో ఉన్నప్పుడు వాటినుంచి ఒక్కొక్క సంఖ్యను ఎంచుకోవడం చెప్పకుండానే జరిగిపోతుంది; ఈ అల్పరూపమే గణ్య ఎంపిక. ప్రతి ఎంపికా వెనుకటి ఎంపికపై ఆధారపడే మరికొంత బలమైన రూపాన్ని బెర్నేస్ 1942లో వేరుచేశాడు.

సమితి సిద్ధాంతానికి కొత్త నమూనాలు నిర్మించే కోహెన్ పద్ధతి 1963లో వెలువడిన వెంటనే, ఈ అల్పరూపం కూడా లేకుంటే ఏమవుతుందో తేలిపోయింది: ఫెఫర్‌మన్, లెవీ నిర్మించిన నమూనాలో వాస్తవ సంఖ్యల సమితి మొత్తం, గణ్య సమితుల గణ్య సమ్మేళనంగా కుదించుకుపోతుంది, అక్కడ పొడవును సాధారణీకరించే లెబేగ్ కొలతకు చోటే లేదు. దీనికి ప్రతిగా సోలోవే 1970లో ప్రకటించిన నమూనాలో, ఒక అప్రాప్య సంఖ్య (మిక్కిలి పెద్ద అనంత సంఖ్య) ఉనికికి విరోధం లేదని ఒప్పుకుంటే చాలు, బెర్నేస్ స్వీకృతమూ నిలుస్తుంది, వాస్తవ సంఖ్యల ప్రతి సమితికీ పొడవూ ఉంటుంది. విశ్లేషణశాస్త్రానికి అవసరమైనంత ఎంపిక ఉండి, విటాలి సమితి లేకపోవడమన్న ఈ సమన్వయాన్ని నేను ఈ చరిత్రలోకెల్లా శ్రేష్ఠఫలంగా భావిస్తాను.

పూర్తి ఎంపికను విడిచే మరో దారీ ఉంది: ఇద్దరు వంతులవారీగా పూర్ణసంఖ్యలను అనంతంగా చెప్పే ప్రతి ఆటలోనూ ఒకరికి గెలుపు వ్యూహం ఉంటుందని 1962లో మిచెల్‌స్కీ, స్టైన్‌హౌస్ ప్రతిపాదించిన నిర్ధారితత్వ స్వీకృతం, పూర్తి ఎంపికను ఖండిస్తూనే వాస్తవ సంఖ్యల సమితులకు గణ్య ఎంపికను ప్రసాదిస్తుంది. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరంపరకు చెందిన ఆచార్య బి.వి. రావు, షేర్పిన్‌స్కీ ప్రభృతులు 1920లో స్థాపించిన ఫుండమెంటా పత్రికలో, 1970లోనే ఈ స్వీకృతాన్ని విశ్లేషక సమితులతో జోడించి పరిశీలించారు. వాస్తవ సంఖ్యలనుంచి నిర్మితమయ్యే కనిష్ఠ విశ్వంలో నిర్ధారితత్వం నుంచి బెర్నేస్ స్వీకృతం సిద్ధిస్తుందని 1984లో కెక్రిస్ నిరూపించాడు. ఆ విశ్వం వెలుపల, వాస్తవ సంఖ్యలకు మాత్రమైనా అది సిద్ధిస్తుందా అన్న ప్రశ్నకు ఇంకా సమాధానం దొరకలేదు.