డాక్టరు నోట, ఇంకొకరి చేత: మెడికల్ స్క్రైబుల చరిత్ర

రోగిని చూడటం ఎంత పనో, చూసినది రాసిపెట్టడం డాక్టరుకు అంతకు మించిన పని. 2016లో క్రిస్టీన్ సిన్‌స్కీ బృందం అమెరికాలో 57 మంది డాక్టర్ల పనివేళలను గమనించి ప్రచురించిన లెక్క ప్రకారం, రోగితో గడిపే ఒక్కో గంటకు కంప్యూటరు రికార్డుకీ ఇతర రాతకోతలకీ దాదాపు రెండు గంటలు పడుతోంది. ఈ రాతపనిని మరొకరికి అప్పగించే ప్రయత్నాల్లో హైదరాబాదుకు పాతికేళ్ల పైచిలుకు వాటా ఉంది.

1990ల చివర అక్కడ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఊపందుకుంది. అమెరికా డాక్టరు సాయంత్రం దాకా రోగులను చూసి, వివరాలన్నీ రికార్డరులో చెప్పి ఇంటికి వెళ్లే వేళకు హైదరాబాదులో తెల్లవారేది. ఆ ఆడియో ఇంటర్నెట్‌లో వచ్చి చేరేది. నగరంలోని అమీర్‌పేటలో ఈ పని నేర్పే సంస్థల బోర్డులు వెలిశాయి. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, కాలికింది పెడల్‌తో ఆడియోను ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేయడం ఆ ఉద్యోగం; చెల్లింపు చాలాచోట్ల లైన్ల లెక్కన. మాట వినబడకపోతే ఊహించి రాయకూడదు, ఖాళీ వదిలి గుర్తు పెట్టాలి. రక్తపోటు పెరిగిందని చెప్పే ‘హైపర్‌టెన్షన్’కీ, తగ్గిందని చెప్పే ‘హైపోటెన్షన్’కీ చెవిలో తేడా ఒక్క అక్షరమే. అందుకే టైపు చేసినది ఎడిటరు మళ్లీ వినేవాడు, ఆపైన డాక్టరు చదివి సంతకం చేసేవాడు. ఎక్కడో ఉన్న రోగి ప్రాణం తమ టైపింగు మీద ఆధారపడుతుందని తెలిసి పనిచేసిన ఆ కుర్రాళ్లకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

2009లో అమెరికా తెచ్చిన హైటెక్ చట్టం ఈ పద్ధతిని తారుమారు చేసింది. ఎలక్ట్రానిక్ రికార్డు పెట్టుకున్న ఆసుపత్రులకు ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వడంతో, నోటితో చెప్పే డాక్టరు తెర ముందు కూర్చుని గడులు నింపడం మొదలైంది. ఆ భారం స్క్రైబులకు గిరాకీ పెంచింది. స్క్రైబు పరీక్ష గదిలోనే, లేదా ఆడియో ద్వారా దూరంనుంచే, సంభాషణ సాగుతుండగా నోటు రాస్తాడు. హైదరాబాదు, బెంగళూరుల్లో రాత్రి షిఫ్టుల్లో ఈ పని చేసేవారున్నారు.

ఫలితాలు బాగానే కనిపించాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఐదు ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 88 మంది డాక్టర్లతో జరిగిన అధ్యయనం 2019లో వైద్య పత్రిక బీఎంజేలో వచ్చింది. స్క్రైబు ఉన్నప్పుడు డాక్టరు గంటకు చూసే రోగులు 15.9 శాతం పెరిగారు. రోగి అత్యవసర విభాగంలో ఉండే సమయం 19 నిమిషాలు తగ్గింది. అయితే రాసే చేయి మారినా బాధ్యత మారదు. నోటు చదవకుండా సంతకం పెడితే తప్పు అలాగే రికార్డుకెక్కి, తరవాత చూసే ప్రతి డాక్టరునూ తప్పుదోవ పట్టిస్తుంది.

మన దేశంలో రాతభారం వేరే దారిలో వచ్చింది. 2002 నాటి వైద్య మండలి నిబంధనలు ఇన్‌పేషెంట్ల రికార్డును చికిత్స మొదలైన నాటినుంచి మూడేళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని చెప్పాయి. ఓపీ చీటీ మాత్రం సాధారణంగా రోగి వెంట ఇంటికి పోతుంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ మొదలయ్యాక లెక్క మారింది. ముందస్తు అనుమతి, పరీక్షల నివేదికలు, డిశ్చార్జి సమ్మరీ ఆన్‌లైన్‌లో పెడితే తప్ప ఆసుపత్రికి డబ్బు రాదు. ఆ పనికి మెడికల్ కోఆర్డినేటర్లు, రోగికి దారి చూపేందుకు ఆరోగ్యమిత్రలు వచ్చారు. స్క్రైబు అన్న పేరు లేకపోయినా, డాక్టరు రాతపనిలో కొంత వీరి చేతికి వెళ్లింది. 2018 సెప్టెంబరు 23న జార్ఖండ్ రాజధాని రాంచీలో మొదలైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలోనూ ఆరోగ్యమిత్రలు ఉన్నారు. కానీ ఈ ఏర్పాటు బిల్లుల కోసం పుట్టింది. ఓపీలో డాక్టరు తలవంచుకుని రాసే చీటీని ఇది తేలిక చేయలేదు.

ఆ చీటీ పని స్క్రైబుకు అప్పగిస్తే ఎలా ఉంటుందో జార్ఖండ్‌లోనే ఒక ఉదాహరణ చూద్దాం. జంషెడ్‌పూర్‌లో, పర్సుడీహ్ పరిధిలోని ఖాస్‌మహల్ సదర్ ఆసుపత్రి తూర్పు సింగ్‌భూమ్ జిల్లా ఆసుపత్రి. ఇలాంటి చోట స్క్రైబును పెడితే టైపింగు వస్తే చాలదు. హిందీ, బెంగాలీ, సంతాలీ, హో, ఉక్కు కర్మాగారం కోసం ఒకప్పుడు వలస వచ్చిన కుటుంబాల తెలుగు, ఇన్ని వినబడే ఊరిలో రోగి చెప్పిన బాధను ఇంగ్లీషు నోటులోకి దించాలి. ‘గుండెల్లో మంట’ అన్న మాటను ఛాతీనొప్పిగా రాస్తే వైద్యమే మారిపోతుంది. హైదరాబాదు ట్రాన్స్‌క్రిప్షన్ గదుల్లో పెట్టుకున్న నియమం ఇక్కడ ఇంకా అవసరం: తెలియనిచోట ఖాళీ వదలాలి, అడగాలి.

ఇప్పుడు సంభాషణ విని తానే నోటు తయారుచేసే కృత్రిమ మేధ స్క్రైబులు వచ్చాయి. ఇవి ఖాళీ వదలాల్సినచోట నమ్మకంగా ఏదో ఒకటి నింపగలవు. డాక్టరు చదివి సరిదిద్దే పని అందువల్ల ఇంకా బరువెక్కింది. రోగి గొంతు యంత్రంలో నమోదవుతుంది కాబట్టి సమ్మతి ప్రశ్న కూడా వచ్చిపడింది. వ్యక్తిగత డేటా వాడకానికి సమ్మతినే ప్రధాన ఆధారంగా పెట్టిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది.