చిలుకూరు ప్రదక్షిణలూ, బజ్ బజ్ స్టేషనూ

చిలుకూరు బాలాజీని మనవాళ్లు వెక్కిరించడం కొత్త కాదు. నేనూ వెక్కిరిస్తాను. కోరిక కోరుకుంటే 11 ప్రదక్షిణలు, తీరితే 108. గండిపేట ఒడ్డునున్న ఈ దేవుడికి జనమే "వీసా బాలాజీ" అని పేరు పెట్టారు. "ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడికి గుడి చుట్టూ తిరగడానికీ వీసా రావడానికీ సంబంధం లేదని తెలియదా?" అని మన సమావేశాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

తెలుసు. అయితే అతనికి ఇంకో సంగతి కూడా తెలుసు. తన చదువుకూ వీసా రావడానికీ ఉన్న సంబంధం కూడా అంత గట్టిదేమీ కాదని. హెచ్-1బి వీసాలను ఏళ్ల తరబడి లాటరీ తీసి పంచారు. మాలినోస్కీ అనే మానవశాస్త్రవేత్త ట్రోబ్రియాండ్ దీవుల జాలర్ల గురించి రాసింది మీలో చాలామంది చదివే ఉంటారు. తీరం లోపలి ప్రశాంతమైన నీళ్లలో చేపలు పట్టేటప్పుడు వాళ్లకు మంత్రాలు అక్కరలేదు. నడిసముద్రంలోకి వెళ్లేటప్పుడే తంతులన్నీ. ఫలితం మన చేతిలో లేనిచోట మంత్రం పుడుతుంది.

కాబట్టి ఈసారి తిరిగేవాణ్ణి వదిలేసి, అతన్ని తిప్పుతున్న నిబంధనల చరిత్ర చూద్దామనుకున్నాను. నేనుండేది కలకత్తాలో. ఈ చరిత్రలో చాలా భాగం ఈ ఊరి రేవు మీదుగానే నడిచింది.

మొదట ఒక విషయం. పరాయి దేశస్తులను రానివ్వకూడదనుకున్న ప్రభుత్వాలు ఆ మాట చట్టంలో నేరుగా రాయడం తక్కువ. బ్రిటిష్ సామ్రాజ్యంలో అలా రాయడం మరీ ఇబ్బంది. భారతీయులూ విక్టోరియా రాణి ప్రజలే కదా! అందుకని దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలస ప్రభుత్వం 1897లో ఒక ఉపాయం కనిపెట్టింది. యూరపు భాషలో దరఖాస్తు రాయలేనివాడు లోపలికి రాకూడదు. అంతే. జాతి ప్రసక్తి లేదు. అదే ఏడాది లండన్‌లో వలస రాజ్యాల మంత్రి జోసెఫ్ చాంబర్లేన్ ఈ పద్ధతిని మిగతా వలస ప్రధానులకు ఆదర్శంగా చూపించాడు. ఇదే నేటాల్‌లో చెరకు నరకడానికి కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఒప్పంద కూలీలను ఓడల కొద్దీ తీసుకుపోతున్న రోజులవి. వాళ్లలో మన తెలుగువాళ్లు వేలమంది. కూలీకి భాషా పరీక్ష లేదు. సొంత డబ్బుతో సొంత పని మీద వెళ్లేవాడికే పరీక్ష.

ఆస్ట్రేలియా 1901లో దీన్ని ఇంకా మెరుగుపరిచింది. అధికారి ఏదో ఒక యూరపు భాషలో 50 మాటలు చదువుతాడు, వచ్చినవాడు రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం! 1909 తర్వాత ఆ పరీక్షలో నెగ్గినవాడు లేడంటారు. 1934లో ఎగోన్ కిష్ అనే చెక్ రచయిత వచ్చాడు. కమ్యూనిస్టు, ఫాసిస్టు వ్యతిరేకి, తెల్లవాడు, పైగా అనేక యూరపు భాషలు వచ్చినవాడు. ఆయనకు స్కాటిష్ గేలిక్‌లో డిక్టేషన్ ఇచ్చి తప్పించారు. ఆ చట్టం అర్థంలో అది యూరపు భాషే కాదని హైకోర్టు తేల్చింది. పరీక్ష పెట్టింది భాష తెలుసుకోవడానికి కాదని ఇంతకంటే రుజువు ఏం కావాలి? అయినా దాన్ని 1958 దాకా రద్దు చేయలేదు.

ఇక కలకత్తాకు వద్దాం. 1904లో ఈ ఊళ్లో జోగేంద్రచంద్ర ఘోష్ ఒక సంఘం పెట్టాడు. భారతీయుల్లో శాస్త్ర, పారిశ్రామిక విద్యను పెంచడానికి యువకులను జపాన్, అమెరికా, యూరపులకు పంపడం దాని పని. సబ్బులు, అగ్గిపెట్టెలు, గాజు, తోళ్ల పనులు నేర్చుకుని రావాలని. స్వదేశీ ఉద్యమం వేడెక్కుతున్న రోజులు. రవీంద్రనాథ్ టాగోర్ కొడుకు రథీంద్రనాథ్ 1906లో ఇల్లినాయ్ వెళ్లి వ్యవసాయం చదివింది అప్పుడే. సముద్రం దాటితే కులం పోతుందని పెద్దలు బెదిరిస్తున్న కాలంలో వీళ్లు దాటారు. మనం గర్వించాల్సిన తరం. ఇంటి దగ్గర శాస్త్రం అడ్డు దాటి వెళితే, అవతలి ఒడ్డున ఇంకో శాస్త్రం ఎదురైంది. భారతీయుల ఒంటికి కెనడా చలి పడదట! పంజాబు రైతులు బ్రిటిష్ కొలంబియా రంపపు మిల్లుల్లో చలికాలమంతా దుంగలు మోస్తుండగానే పెద్దమనుషులు ఈ మాట చెప్పారు.

1908 జనవరిలో కెనడా ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. వలస వచ్చేవాడు తను పుట్టిన దేశం నుంచి గానీ పౌరుడుగా ఉన్న దేశం నుంచి గానీ మధ్యలో ఆగకుండా రావాలి. చివరి రేవు దాకా టికెట్ బయలుదేరే ముందే కొనాలి. దీన్నే కంటిన్యువస్ జర్నీ నిబంధన అంటారు. చదివితే ఏదో రవాణా శాఖ సూచనలా ఉంటుంది. ఇందులో భారతీయుడు అనే మాట లేదు. కలకత్తా నుంచి వాంకూవరుకు అలాంటి టికెట్ ఇవ్వగలిగిన కంపెనీ కెనడియన్ పసిఫిక్ ఒక్కటే. ఆ టికెట్లు అమ్మవద్దని ప్రభుత్వం కంపెనీకి చెప్పింది. అమ్మని టికెట్ కొనుక్కుని రమ్మన్నమాట. దీనికి తోడు చేతిలో 200 డాలర్లు చూపించాలని అదే ఏడాది ఇంకో షరతు.

నిబంధన మంచిదా చెడ్డదా అని దాని భాష చూసి వాదించుకోవడం వృథా. ఫలితం చూడాలి. 1907-08లో కెనడాలో దిగిన భారతీయులు 2,623 మంది. 1908-09లో ఆరుగురు.

ఈ నిబంధనను పరీక్షకు పెట్టిన ఓడే కోమగాట మారు. గుర్దిత్ సింగ్ అనే వ్యాపారి జపాన్ ఓడను అద్దెకు తీసుకుని 1914 ఏప్రిల్ 4న హాంకాంగ్ నుంచి బయలుదేరాడు. మే 23న వాంకూవరు చేరేసరికి అందులో 376 మంది. ఎక్కువమంది సిక్కులు, కొందరు ముస్లింలు, హిందువులు. అంతకు ముందు ఏడాదే ఇంకో ఓడలో వచ్చిన 39 మంది విషయంలో కోర్టు ఈ ఉత్తర్వుల్లో లోపాలు పట్టుకుని కొట్టివేసింది. ప్రభుత్వం మాటలు సరిచేసి 1914 జనవరిలో మళ్లీ జారీ చేసింది.

అందరికీ తెలిసిన కథ ఇక్కడి నుంచి ఓడను తరిమేయడం వైపు పోతుంది. నన్ను ఆపింది మాత్రం మధ్యలో జరిగిన రెండు నెలలు. వలస అధికారి మాల్కమ్ రీడ్ వాళ్లను తిరస్కరించలేదు, అనుమతించనూ లేదు. వైద్య పరీక్షలు సాగదీశాడు. విచారణలు సాగదీశాడు. ఎందుకంటే తిరస్కరిస్తే ఒక ఆర్డరు పుడుతుంది. ఆర్డరు పుడితే కోర్టుకు వెళ్లొచ్చు. ఏ ఆర్డరూ లేకపోతే దేని మీద అప్పీలు? ఈలోగా ఓడ అద్దె వాయిదాలు మీద పడతాయి, తిండి, నీళ్లు అయిపోతాయి. కెనడాలో అప్పటికే స్థిరపడిన భారతీయులు చందాలు వేసుకుని ఆ వాయిదా కట్టారు. చివరికి మున్షీ సింగ్ అనే ఒక్క ప్రయాణికుడి కేసును నమూనాగా తీసుకుని జులై 6న అప్పీలు కోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. అంతకుముందే కెనడా నివాసులైన కొద్దిమందిని, ఓడ డాక్టరు కుటుంబాన్ని మాత్రం దించి, జులై 23న యుద్ధనౌక కాపలాతో ఓడను వెనక్కి పంపారు.

వెనక్కి వచ్చింది కలకత్తాకే. సెప్టెంబరు 29న హుగ్లీ మీద బజ్ బజ్ దగ్గర ఆపారు. అప్పటికి ప్రపంచ యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 5నే ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. బయటి నుంచి భారతదేశంలోకి వచ్చేవాళ్లను నిర్బంధించే అధికారం అది. ప్రయాణికులను నేరుగా పంజాబు పంపడానికి ప్రత్యేక రైలు సిద్ధం చేశారు. ఎక్కువమంది ఒప్పుకోక కలకత్తా వైపు నడక మొదలుపెట్టారు. సైన్యం వెనక్కి మళ్లించింది. స్టేషను దగ్గర కాల్పుల్లో సుమారు 20 మంది పోయారు. పరాయి దేశం రానివ్వలేదు సరే, సొంత దేశంలో దిగడానికీ అనుమతి లేకపోయింది.

సియాల్దా నుంచి లోకల్ ఎక్కితే గంటలో బజ్ బజ్. ఆ మధ్య వెళ్లి చూశాను. కిర్పాణ్ ఆకారంలో స్మారకం ఉంది, 1952లో నెహ్రూ ప్రారంభించినది. స్టేషను పేరులో కూడా ఇప్పుడు కోమగాట మారు చేరింది. పక్కన టీ కొట్టతన్ని అడిగితే "పంజాబీలవి" అన్నాడు, అంతకు మించి తెలియదు. కెనడా ప్రధాని ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016 మే 18న. నూటరెండేళ్లకు.

ఆ రోజుల్లో ఇవన్నీ దగ్గర నుంచి చూసినవాడు తారకనాథ్ దాస్. కలకత్తా పక్క 24 పరగణాల మనిషి. పోలీసుల నుంచి తప్పించుకుని అమెరికా చేరి, వాంకూవరులోని అమెరికా వలస కార్యాలయంలోనే దుబాసీగా పనిచేశాడు. "ఫ్రీ హిందుస్తాన్" పత్రిక పెట్టాక ఆ ఉద్యోగం పోయింది. (ఆ తర్వాత అదే తీరంలో పుట్టిన గదర్ పార్టీలో మన కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య గారు ఉన్నారన్నది తెలుగువాళ్లు ఎక్కువగా తలుచుకోని సంగతి.) దాస్ 1914లో అమెరికా పౌరుడయ్యాడు. తొమ్మిదేళ్లకు దానికే ఎసరొచ్చింది.

ఆ తీర్పు గురించి హేతువాదులు తప్పక తెలుసుకోవాలి. "తెల్లవారికే" పౌరసత్వం అన్న అమెరికా చట్టం కింద ఒజావా అనే జపనీయుడు పెట్టుకున్న దరఖాస్తు మీద 1922 నవంబరులో, తెల్లవారంటే కాకేసియన్ జాతివారు, నువ్వు కావు పొమ్మంది సుప్రీంకోర్టు. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థింద్ వంతు. మానవశాస్త్ర పుస్తకాల ప్రకారం మేం కాకేసియన్లమే కదా అన్నాడు. శాస్త్రంతో పని లేదు, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడు ఎవరన్నదే లెక్క అంది అదే కోర్టు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, సదర్లండ్. ఇక్కడ మన పక్షం కూడా శుభ్రంగా లేదు. థింద్ తరఫు వాదనలో తాను ఉన్నత కులపు ఆర్యుణ్ణని, ఈ దేశపు ఆదిమ జాతులను తక్కువగా చూసేవాణ్ణని చెప్పుకున్నారు. జాతి గోడ ఎక్కడానికి కులం నిచ్చెన వేశారు. నిచ్చెన విరిగింది, నాకేమీ జాలి లేదు.

జాలి పడాల్సింది ఆ తర్వాత జరిగిన దానికి. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల మీద ప్రభుత్వం రద్దు కేసులు వేసింది. పౌరసత్వానికి తగని పరాయివాణ్ణి చేసుకున్న అమెరికా స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకునే చట్టం అప్పట్లో ఉండేది. దాస్ భార్య మేరీ అమెరికాలోనే పుట్టినా అందులో చిక్కుకుంది. దేశం లేని మనుషుల గురించి దాస్ 1925లో "కలకత్తా రివ్యూ"లో రాశాడు. థింద్ కేసు వాదించిన సఖారాం గణేశ్ పండిట్ తన సొంత కేసు నెగ్గాక గానీ ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. అది 1927.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి అమెరికా జీవితం చాలా భాగం ఈ చట్టం నీడలోనే గడిచింది. ఎందరో రోగులను బతికించిన మందులు ఆయన ప్రయోగశాల నుంచి వచ్చాయి. పౌరుడయ్యే దారి మాత్రం 1946 జులై దాకా మూసే ఉంది. తెరిచినప్పుడు భారతీయులకు ఇచ్చిన కోటా ఏడాదికి 100. దాదాపు 40 కోట్ల జనాభాకు! కెనడా 1951లో 150 ఇచ్చింది. సుబ్బారావు గారు పౌరసత్వం తీసుకోకుండానే 1948 ఆగస్టులో పోయారు.

ఇక్కడి నుంచి రెండు దేశాల దారులు వేరయ్యాయి. కెనడా 1967లో చదువు, వయసు, భాష, అనుభవానికి మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. ఎక్కడ పుట్టావన్నదానికి మార్కులు లేవు. అమెరికా 1965లో జాతుల కోటాలు ఎత్తేసి మంచి పని చేసింది, కానీ దేశానికింత అనే పరిమితి పెట్టింది. 1990 చట్టంతో అది మొత్తంలో 7 శాతం అయింది. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఐస్‌లాండ్‌కు ఏడు శాతం, మనకూ ఏడు శాతం. అందరూ సమానమే. మిగతావాళ్లు వాడుకోని కార్డులు కొన్నిసార్లు మనవైపు వస్తాయి గానీ, వాటితో క్యూ తరిగేది తక్కువ. కుటుంబాలతో కలిపి ఆ క్యూలో ఉన్న భారతీయులు పది లక్షలు దాటారని అంచనాలు.

1908 నాటి ఉత్తర్వునూ దీన్నీ ఒకే గాటన కట్టను. అక్కడ ఉద్దేశం రికార్డుల్లోనే దొరుకుతుంది. ఇక్కడ చట్టం రాసినవాళ్లు వివక్ష తీసేస్తున్నామనే అనుకున్నారు. ఏ దేశానికైనా లెక్క పెట్టుకునే హక్కు ఉందనీ ఒప్పుకుంటాను. కానీ ఈ లెక్కలో చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. గుంటూరులో పుట్టినవాడు కెనడా పౌరుడైనా ఇండియా క్యూలోనే. పుట్టిన చోటు, ఒక తేదీ చెబితే జీవితం తేల్చేవాళ్లు మనకు ఇదివరకే ఉన్నారు. వాళ్లను మనం జ్యోతిష్కులంటాం.

1908లో 200 డాలర్లు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు అని అమెరికా అధ్యక్షుడు ప్రకటించారు.

ఇవి చెబితే కలకత్తా మిత్రులు కొందరు తెల్లవాడి బుద్ధి అని తేల్చేస్తారు. ఈ ఊళ్లోనే టాంగ్రాలో తోళ్లు బాగుచేసిన, బౌబజారులో వడ్రంగం చేసిన చైనీయులను అడగండి. ఇక్కడే పుట్టినా 1962 యుద్ధం తర్వాత పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. అస్సాం, ఉత్తర బెంగాల్ ప్రాంతాల వాళ్లను వేల సంఖ్యలో రాజస్థాన్‌లోని దేవళీ శిబిరానికి తరలించారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. వాళ్లకు క్షమాపణ ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆ అమెరికా క్యూలో పెరుగుతున్న పిల్లల సంగతి. రెండేళ్ల వయసులో తల్లిదండ్రుల వెంట వెళ్లి, అక్కడే బడి, కాలేజీ చదివినవాళ్లు. 21 నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే, కొంత వెసులుబాటు లెక్క పోగా, తల్లిదండ్రుల దరఖాస్తు కింద వాళ్లకు చోటు ఉండదు. వేరే వీసా వెతుక్కోవాలి, లేదా దేశం విడిచిపోవాలి. వాళ్ల అర్జీని ఎవరూ తిరస్కరించలేదు. వంతు రాలేదు, అంతే. కాబట్టి అప్పీలు చేసుకోవడానికి ఆర్డరు కూడా ఉండదు.