గొట్టం మైకు నుంచి గోడంత బాక్సు దాకా

నా చిన్నప్పుడు మా తొర్రూరులో పెళ్ళి ఎవరింట్లోనో తెలుసుకోడానికి శుభలేఖ అక్కర్లేదు. వేపచెట్టు కొమ్మకు కట్టిన గొట్టం మైకు చూస్తే చాలు. తెల్లవారకముందే రికార్డు తిరగడం మొదలయ్యేది. "ఇయ్యాల వాళ్ళింట్ల పసుపు దంచుతున్నట్టున్నరు" అని అమ్మ పొయ్యి దగ్గర్నుంచే తేల్చేసేది. పాట సగం, గరగర సగం. అయినా ఎవరూ విసుక్కున్నట్టు గుర్తులేదు.

ఆ గొట్టం పుట్టిల్లు అమెరికా. 1915లో కాలిఫోర్నియాలో జెన్సన్, ప్రిడమ్ అనే ఇద్దరు మిత్రులు తమ యంత్రానికి 'మాగ్నవాక్స్' అని పేరు పెట్టుకున్నారు. లాటిన్ భాషలో పెద్ద గొంతు అని అర్థమట. 1919లో అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగోలో దాని సాయంతోనే సుమారు 50 వేల మందితో మాట్లాడాడు. మన కాంగ్రెసు సభలకు మైకులు అమర్చింది మోత్వానేల 'షికాగో రేడియో'. పేరు చూసి దొరల కంపెనీ అనుకునేరు, మనవాళ్ళదే! 1940లో అహూజా వారొచ్చారు. ఇక గుడికీ బడికీ సభకూ మైకులే మైకులు.

గొట్టానిది ఒక గుణం, ఒక లోపం. కొద్దిపాటి కరెంటుతో చాలాదూరం వినిపిస్తుంది కానీ, మంద్రస్వరం పలకదు. అందుకే ఎంతటి గాయకుడైనా అందులో ముక్కుతో పాడినట్టే ఉంటాడు. ఇప్పటి డీజే బాక్సులు దానికి సరిగ్గా ఎదురు. వాటి మంద్రం చెవిలో కాదు, గుండెలో దరువేస్తుంది.

అలాగని కొత్త విద్యంతా మోతే అనడం అన్యాయం. 1990ల మొదట్లో ఫ్రాన్సులో క్రిస్టియన్ హైల్ అనే భౌతికశాస్త్రవేత్త బాక్సుల్ని ఒకదాని కింద ఒకటి దండలా వేలాడదీసే పద్ధతి తెచ్చాడు. మామూలు బాక్సుకు దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెళ్ళు పడిపోతుంది. దండలో, కొంతదూరం వరకూ, 3 మాత్రమే. ముందు వరసవాళ్ళ చెవులు చిల్లులు పడకుండానే వెనక వరసకూ మాట అందుతుంది. ఇంకో తమాషా ఉంది. తీగలో కరెంటు రెప్పపాటులో పోతుంది, గాలిలో ధ్వని మాత్రం సెకనుకు 340 మీటర్లే నడుస్తుంది. అందుకని దూరంగా పెట్టిన బాక్సుల్ని కావాలనే కాస్త ఆలస్యంగా పలికిస్తారు. లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది.

ఫంక్షన్ హాల్లో పురోహితుడి మంత్రం మనకెందుకు అర్థం కాదో తెలుసా? నున్నటి గోడలు, పాలరాతి నేల ధ్వనిని బంతిలా తిప్పికొడతాయి. 1895లో హార్వర్డులో సబీన్ అనే పంతులుగారు ఒక గదికి ఇదే జబ్బుంటే కుర్చీ మెత్తలు తెచ్చి పేర్చి లెక్కలు కట్టాడు. మెత్తలే కాదు, మనుషులూ ధ్వనిని పీల్చుకుంటారు. మన పట్టుచీరలకూ ఆ పుణ్యం ఉంది!

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మొన్న సద్దుల బతుకమ్మకి మా ఊరు వెళ్ళాను. మైదానంలో గోడంత బాక్సులు. బతుకమ్మల చుట్టూ అందరం తిరుగుతున్నాం, చప్పట్లు కొడుతున్నాం, పాట మాత్రం బాక్సులే పాడుతున్నాయి. ఒకప్పుడు వాడకట్టంతటికీ పాట చెప్పిన మా పెద్దమ్మ పెదవులు మూసుకుని తిరుగుతోంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వద్దని 2000 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. 10లోపు ఆడవాళ్ళ గొంతు ఏమైపోవాలో ఏ నిబంధనా చెప్పదు.

ఉండబట్టలేక ఆ కుర్రాడి దగ్గరికెళ్ళాను.

"ఏ పాట కావాలె మేడం? అన్నీ ఉన్నయి."

"మా పెద్దమ్మ పాడుతది బాబూ."

అతను ఒక్కక్షణం చూసి, తీగలేని మైకు చేతికిచ్చాడు. పెద్దమ్మ పట్టుకోగానే కీచుమంది. "బాక్సుల ముందట వద్దమ్మా, ఎనకకు రా" అని, పలకలాంటి తెర మీద వేలితో ఏదో తగ్గించాడు. బాక్సులోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులో దూరితే వచ్చే కూత అదంతా.

"నాకేం యాదికున్నయి బిడ్డా" అంటూనే ఎత్తుకుంది. వంత అందుకోవాల్సిన చోట అమ్మాయిలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముసలివాళ్ళు నలుగురు అందుకున్నారు. మూడు చరణాలయ్యాక పెద్దమ్మ మర్చిపోయింది. నవ్వి మైకు నాకిచ్చేసింది.

వచ్చేటప్పుడు ఆ కుర్రాడు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. అడగకుండానే రికార్డు చేశాడట. ఇంటికొచ్చి విన్నాను. పెద్దమ్మ గొంతు ఎంత స్పష్టంగా ఉందో! వంత దగ్గర మాత్రం వెలితిగా ఖాళీలు. మూడో చరణంలో ఎవరో తప్పుపదం అందుకున్నారు. రెండోసారి వింటే, అది నేనే.