పండక్కే వరి: ఆదోని సీమలో అరిసె

తుంగభద్ర కాలువ రాకముందు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో రోజూ తినేది జొన్నరొట్టె, కొర్రన్నం. పత్తి, జొన్న పండే ఈ నల్లరేగడిలో వరి పండక్కి మాత్రమే దొరికే ధాన్యం. అందుకే బియ్యప్పిండితో చేసే అరిసెకు అంత గౌరవం.

దాని పని ఓపికతో కూడింది. నానిన బియ్యాన్ని నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే రోట్లో దంచి జల్లించాలి. తడి పోతే అరిసె విరిగిపోతుంది. బెల్లప్పాకం నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అప్పుడే పిండి కలిపి చలిమిడి చేస్తారు. నువ్వులద్ది, తట్టి, నూనెలో వేయించి, చెక్కల మధ్య నొక్కుతారు. ఇంత శ్రమ ఒక్కరి వల్ల కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ల చేతులు కలవాల్సిందే.



1953 ఈ సీమకు పెద్ద మలుపు. ఆ ఏడే తుంగభద్ర జలాశయం నుంచి నీళ్లు వదిలారు. అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, బళ్లారి జిల్లాలోని ఆదోని తాలూకా ఇటు కలిసింది. దిగువ కాలువ పారిన చోట వరిమళ్లు వచ్చాయి. వరన్నం రోజువారీ తిండైంది. రోలు చేసిన పనిని పిండిమర అందుకుంది. అరిసె మాత్రం ఇప్పటికీ సంక్రాంతి వంటే.