స్వర్ణముఖీ నది – క్షేత్రములు, ఇసుక



వేసవిలో శ్రీకాళహస్తికి వచ్చిన యాత్రికులు వాయులింగ దర్శనమైన పిమ్మట వెలుపలికి వచ్చి, పడమటి దిక్కున ఇసుక మేటలను చూచి, "నది ఎక్కడ?" అని అడుగుతూ ఉంటారు. వారు చూస్తున్నది నదినే. అక్కడ అది ఉత్తరవాహిని. స్వామివారు పశ్చిమాభిముఖులై దానినే చూస్తున్నారు.

స్వర్ణముఖి పెద్ద నది కాదు. దాని నిడివి సుమారు 130 కిలోమీటర్లు మాత్రమే. పాకాల ప్రాంతపు కొండలలో పుట్టి, చంద్రగిరి మీదుగా తొండవాడ చేరుతుంది. అక్కడ కళ్యాణి, భీమ అను రెండు ఏళ్లు దీనితో కలుస్తాయి. ఆ సంగమ స్థలమునే ముక్కోటి అంటారు. అచట అగస్త్యేశ్వరాలయం కలదు. అగస్త్య మహర్షి తపస్సు చేసి ఈ నదిని భూమికి తెచ్చినాడని స్థలపురాణం. ఉత్తరాంధ్రలో నాగావళికి ఉపనదిగా సువర్ణముఖి అని మరొకటి ఉన్నది. రెండింటినీ ఒకటిగా తలచరాదు.

ముక్కోటి దాటిన నది తిరుపతికి దక్షిణంగా, తిరుచానూరు, యోగిమల్లవరముల ప్రక్కగా సాగుతుంది. యోగిమల్లవరంలోని పరాశరేశ్వరాలయంలో చోళుల కాలపు శాసనాలు ఉన్నవి. ఇంకను తూర్పుగా పోతే, నదికి చేరువలోనే గుడిమల్లం. అచటి పరశురామేశ్వర లింగం సుమారు అయిదడుగుల ఎత్తు. లింగం ముందుభాగమున నిలుచున్న రుద్రమూర్తి. 1911 ప్రాంతమున టి.ఎ. గోపీనాథరావుగారు దీనిని లోకానికి తెలియజేసినారు. క్రీస్తు పూర్వపు కాలమునకు చెందినదని చాలమంది పండితుల అభిప్రాయం; కాలనిర్ణయంలో భేదాలున్నవి. 1973లో ఐ.కె. శర్మగారు జరిపిన త్రవ్వకాలలో రాతి గుడికి పూర్వం ఇటుకల కట్టడం ఉండెనని బయటపడినది. గర్భగుడి నేలమట్టం కంటె పల్లంలో ఉండుటచేత ఎప్పుడో ఒకప్పుడు అందులోనికి నీరు ఊరుతుందని ఊరివారు చెబుతారు. ఇది వినుటకు వింతగా ఉన్నా, నదికి దగ్గర, ఇసుక నేల. నేలక్రింది నీరు పైకి వచ్చుట అసంభవమేమీ కాదు.

తమిళ శైవులు ఈ నదిని పొన్ముగలి అన్నారు. తిన్నడు నోటితో నీరు తెచ్చి స్వామికి అభిషేకం చేసినది దీని నుండియే. శేక్కిళారు 12వ శతాబ్దిలో పెరియపురాణంలో ఆ చరిత్రను చెప్పినాడు. ధూర్జటి పెరిగినది ఈ ఒడ్డుననే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే నెలలో కూలిపోగా, క్రొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగినది.

ఇక పేరును గూర్చి. ఆలయ నిర్మాణంలో పనిచేసిన కూలీలు సాయంకాలం ఏటిలోని ఇసుకను కొలిచి పట్టుకొనిపోతే, అది వారి వారి శ్రమకు తగినంత బంగారంగా మారేదట. కథను కథగానే తీసుకొందము. కాని ఇసుకలో బంగారమున్నదని ఎవరు చెప్పినా, రైతు కాదనడు. ఈ నదికి ఆశ్వయుజ, కార్తిక, మార్గశిర మాసాలలో, ఈశాన్య ఋతుపవనాల వేళ మాత్రమే వరద. మిగిలిన కాలమంతా నీరు ఇసుక అడుగున ఉంటుంది. చెలమ తీస్తే ఊరేది ఆ నీరే. ఏటి పొడవున ఊటకాలువ త్రవ్వి, ఆ నీటిని వాలుగా నడిపి చెరువులకు, పొలాలకు పారించుట ఈ సీమలో పూర్వపు పద్ధతి. ఏటేటా కాలువలో పూడిన ఇసుకను ఊరంతా కలిసి తీయవలసి వచ్చేది. ఇసుక మందంగా ఉన్నంతకాలం ఒడ్డున బావులకు లోటు లేదు.

ఇప్పుడు లారీలకెత్తి ఆ ఇసుకనే తరలిస్తున్నారు. జిగటమన్ను బయటపడేంత లోతు త్రవ్విన చోట వరద నీరు నిలువక జారిపోతుంది, బావులు అడుగంటుతాయి. కొండ ఎగువన 1970వ దశకంలో కళ్యాణి మీద ఆనకట్ట కట్టి తిరుమల, తిరుపతులకు త్రాగునీరు ఇస్తున్నారు. యాత్రికుల దాహం తీరవలసినదే. దానిని మనము తప్పు పట్టము. అయితే పైనుండి వచ్చే ధార తగ్గినప్పుడు క్రిందనున్న ఇసుకను మరింత కాపాడుకొనవలసింది పోయి, దానినే అమ్ముకొనుట ఏమి లెక్క?

నది లేదని గట్టువరకు ఇళ్లు కట్టుకొన్నవారికి 2021 నవంబరు తెలియజెప్పినది. తిరుచానూరు చెంత వరదకు గట్టు కోసుకొని ఇల్లు ఏటిలో కూలినది. దారులు తెగినవి.

శ్రీకాళహస్తి నుండి నది నాయుడుపేట మీదుగా పోయి వాకాడు ప్రాంతమున బంగాళాఖాతంలో కలుస్తుంది. పూర్వం పై సగం చిత్తూరు జిల్లాలో, క్రింది సగం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడిన తరువాత పుట్టుక నుండి సాగరసంగమం దాకా ఇంచుమించు ఒకే జిల్లాలోనిది అయినది. ఇసుక విషయమై ఎగువవారు దిగువవారిని, దిగువవారు ఎగువవారిని చూపుటకు ఇక వీలు లేదు.